గుప్పెడాకుల పరీక్ష

అనగనగా ఒక అడవిలో పులులకంటే ఉత్తరాలు ఎక్కువ ఉండేవి.

నవ్వకండి, నిజమే చెబుతున్నాను. ఆ అడవిలో ప్రతి జంతువుకీ రాసే పిచ్చి. టేకాకు మీద ముల్లుతో గీకడం, కాకి ముక్కున పెట్టి పంపడం. దుప్పి పొద్దున్నే లేచి "శుభోదయం" అని అడవి మొత్తానికీ రాసేది. అడవి మొత్తం "నీకు కూడా" అని మళ్ళీ అందరికీ జవాబు రాసేది. తాచుపాము "వదిలిన కుబుసం, కొత్తదానిలా ఉంది, త్వరపడండి" అని వారం వారం పంపేది. ఎవరూ కొనలేదు. ఎవరూ ఆ ఆకు పారెయ్యనూ లేదు. "ఉండనీ, ఎప్పుడో పనికొస్తుంది" అనేవాళ్ళు. అలా వచ్చిన ఆకులన్నీ కొండ కింద గుహలో పడేవి. గుహ నిండి, ఆకులు గుమ్మం దాకా వచ్చేశాయి.

మీ ఇంట్లో పెద్దవాళ్ళు కంప్యూటర్లో ఏళ్ళ తరబడి ఉత్తరాలు దాచుకుంటారు. ఒక్కటి కావాల్సి వచ్చినప్పుడు తెర మీద గిరగిరా తిరిగే చక్రం వంక దిగాలుగా చూస్తూ కూర్చుంటారు. ఆ జబ్బే ఇది.

ఆ గుహ పెత్తనం జవ్వాది అనే పునుగుపిల్లిది. జవ్వాది తెలివైనదే. కాకపోతే, ఆ సంగతి అందరికీ తెలియాలని దానికి కొంచెం ఎక్కువ ఆరాటం. మీటింగులో తెలియని మాట వస్తే తెలిసినట్టు తలాడించేది. "అంటే ఏమిటి?" అని అడగడం దానికి ప్రాణం పోయినంత పని. దానికో కొడుకు, పేరు పుప్పొడి. ఒంటి కంటే అల్లరి పెద్దది.

ఒకరోజు ఏనుగు పెద్దమ్మ జవ్వాదిని పిలిపించింది. ఆ అడవిలో ఆవిడ మాటే మాట.

"జవ్వాదీ, మొన్న మా గున్నకి కడుపునొప్పి వచ్చింది. దానికి మందేమిటో కొండముచ్చు వైద్యుడు ఎప్పుడో రాశాడు. ఆ ఆకు గుహలోనే ఉంది. వెతికాం, వెతికాం. ఆకు దొరకలేదు గానీ, నొప్పికే విసుగొచ్చి పోయింది. ఈసారి పోకపోతే?"

వైద్యుడు ఉండేది దూరపు కొండల మీద. కాకి వెళ్ళి రావడానికి పక్షం పడుతుంది. అంచేత ఆయన రాసిన ఉత్తరాలే ఆ అడవికి ఆస్పత్రి.

"గుహకి మంచి వెతికేవాణ్ణి పెట్టు," అంది పెద్దమ్మ. "ఎంత గుట్టలో ఉన్నా కావాల్సిన ఆకు చప్పున బయటికి రావాలి. ఎవర్ని పెడతావో నీ ఇష్టం. పిల్లల ప్రాణాలతో పని, గుర్తుపెట్టుకో."

"మీరు నిశ్చింతగా ఉండండి పెద్దమ్మా," అంది జవ్వాది.

కబురు తెలిసి ముగ్గురొచ్చారు. వాళ్ళని చూడ్డానికి ఒక కమిటీ కూడా కూర్చుంది. కమిటీ అంటే ఒక ఎలుగుబంటి, ఒక అడవిపంది. ఎలుగుబంటి కళ్ళు మూసుకుని ఆలోచిస్తుందని అందరూ అనుకునేవారు. అది నిద్ర. అడవిపందికి ఒకటే సందేహం, భోజనాలు ఎప్పుడని.

మొదట సుద్దులయ్య అనే చిలుక వచ్చాడు.

"ఏ ఉత్తరం ఎవరు పంపారో, పైన ఏమని రాశారో నాకు నోటికి వచ్చండీ," అన్నాడు.

"మరి లోపల ఏముందో?" అంది జవ్వాది.

"అయ్యో, ఒకరి ఉత్తరం లోపల చదవడం మర్యాద కాదు కదండీ!"

రెండోవాడు చిటికెయ్య. బెట్టుడత జాతి. మామూలు ఉడతకి నాలుగింతలుంటాడు. రావడమే మూడు కొమ్మలు ఒక్క దూకులో దాటి వచ్చాడు.

"జవ్వాదక్కా, మనకి శాస్త్రాలేమీ లేవు. ఆకు తీస్తా, చూస్తా, పడేస్తా. ఆకు తీస్తా, చూస్తా, పడేస్తా. మీరు అడగడం పూర్తయ్యేలోగా మీ చేతిలో పెడతా."

"భలే!" అంది అడవిపంది. ఎలుగుబంటి కూడా ఒక కన్ను తెరిచింది.

మూడోది ముళ్ళత్త. ముసలి ముళ్ళపంది. ఆవిడకి ఒంటి మీద ఎన్ని ముళ్ళున్నాయో నోట్లో అన్ని ముళ్ళున్నాయి.

"నాకు గుహలో సగం చోటు కావాలి," అంది వస్తూనే.

"సగమా! ఎందుకత్తా?"

"గోడ కోసం. ఉత్తరం వచ్చిన రోజే అందులో ప్రతి మాటా చదువుతాను. మాటకొక ముల్లు గోడకి గుచ్చుతాను. 'తేనె' అనే మాటకో ముల్లు. 'దగ్గు' అనే మాటకో ముల్లు. ఏ ఆకులో తేనె మాట ఉంటే, ఆ ఆకు నుంచి తేనె ముల్లుకి నార కడతాను. రేపు నువ్వొచ్చి 'తేనె, దగ్గు' అన్నావనుకో. రెండు ముళ్ళ నుంచీ నారలు ఏ ఆకు దగ్గర కలిశాయో చూస్తాను. ఆ ఆకు తీసి నీ మొహాన కొడతాను. మిగతా గుట్టతో నాకేం పని?"

జవ్వాదికి సగమే అర్థమైంది. అలవాటు ప్రకారం తలాడించింది.

"నీకు అర్థం కాలేదు," అంది ముళ్ళత్త. "అర్థం కానప్పుడు తల అడ్డంగా ఊపాలమ్మాయ్, నిలువుగా కాదు."

అడవిపంది పడీ పడీ నవ్వింది. ఎలుగుబంటి నిద్రలోనే నవ్వింది. జవ్వాదికి చెవులు భగ్గుమన్నాయి.

"ఇంకోమాట," అంది ముళ్ళత్త. "పరీక్ష పెడితే గుహలోనే పెట్టు. ఆకులన్నిటి మీదా పెట్టు. ఎన్ని రోజులు పట్టినా సరే."

ఆ మాట సబబే. జవ్వాదికీ తెలుసు. గున్న ఏడుపు దానికి గుర్తొచ్చింది కూడా. కానీ గుహలో పరీక్ష అంటే దుమ్ము, చెమట. కమిటీ అన్ని రోజులు కూర్చోదు. పైగా, ఆ పరీక్షలో ఈ ముసల్ది నెగ్గినా నెగ్గుతుంది. నెగ్గితే రోజూ దీని నోరు భరించాలి. ఇదంతా ఆలోచించి జవ్వాది గుహ గుమ్మంలోంచి ఒక గుప్పెడు ఆకులు తెచ్చి బండ మీద పరిచింది.

"పరీక్ష ఇక్కడే! 'నేరేడుపళ్ళు' అని ఉన్న ఉత్తరం తియ్యండి!"

సుద్దులయ్య మెడ వంచి ఆలోచించాడు. "నేరేడుపళ్ళు అనే ఆయన నాకెప్పుడూ రాయలేదండీ," అన్నాడు.

ముళ్ళత్త ఒంటి నుంచి ఒక ముల్లు లాగి, బురద ముద్ద చేసి, గుచ్చడం మొదలుపెట్టింది.

"అత్తా, పెళ్ళిపందిరి గానీ వేస్తున్నావా?" అంది అడవిపంది. మళ్ళీ నవ్వులు.

ఆ నవ్వు ఆగకముందే చిటికెయ్య గెంతాడు. తీశాడు, చూశాడు, పడేశాడు. మూడో ఆకో నాలుగో ఆకో జవ్వాది చేతిలో పెట్టాడు. నేరేడుపళ్ళు!

చప్పట్లే చప్పట్లు.

"గుప్పెడాకుల్లో వెతకడానికి వెతికేవాడెందుకు? మీ కళ్ళు చాలవూ?" అంది ముళ్ళత్త. అని, ముళ్ళు గలగలలాడించుకుంటూ వెళ్ళిపోయింది.

"ఓర్వలేనితనం," అంది జవ్వాది. చిటికెయ్య మెడలో తంగేడుపూల దండ వేసింది. వేగం గురించి చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చింది. అందరూ తలలాడించారు, నిలువుగానే.

మొదట్లో అంతా బ్రహ్మాండంగా నడిచింది. ఎందుకంటే, అందరూ నిన్నటి ఉత్తరాలే అడిగేవారు. నిన్నటివి గుట్ట పైనే ఉంటాయి. చిటికెయ్య పై ఆకు తీసి ఇస్తే "అబ్బ, ఏం వేగం!" అనేవారు.

ఒకరోజు కుందేలు వచ్చి, పోయినేడాది ఉత్తరం అడిగింది.

"రేపు రా," అన్నాడు చిటికెయ్య.

రేపు వచ్చింది. "ఎల్లుండి రా," అన్నాడు.

ఎల్లుండి వచ్చింది. "అసలు నువ్వు అడగడమే సరిగ్గా అడగలేదు," అన్నాడు.

కుందేలు పోయి జవ్వాదికి చెప్పుకుంది. జవ్వాది చిరాకుపడింది. "కాస్త ఓపిక ఉండాలి. అయినా, పాత ఉత్తరాలతో ఏం పని నీకు? ముందుకి చూడటం నేర్చుకో!" అంది. కుందేలు తోక ముడుచుకుని వెళ్ళిపోయింది.

వానలు మొదలయ్యాయి. ఒక పొద్దున పుప్పొడి వాగు ఒడ్డున నల్లకాయలు తినేశాడు. సాధారణంగా పునుగుపిల్లులు వాసన చూసి గానీ ఏదీ నోట్లో పెట్టవు. వాడికి అంత ఓపికెక్కడిది? కాసేపటికి ముక్కు వాచింది. నోట్లోంచి నురగ. కాళ్ళు తన్నుకోవడం మొదలైంది.

నల్లకాయల విషానికి విరుగుడు కొండముచ్చు వైద్యుడు రాశాడు. జవ్వాదికి బాగా గుర్తు. చదివినట్టు గుర్తు. ఏ ఆకులో చదివిందో, ఏ వేరు అన్నాడో మాత్రం గుర్తు లేదు. పిల్లాణ్ణి పొరుగు ముంగిసకి అప్పగించి, గుహకి పరుగు తీసింది.

"చిటికెయ్యా! నల్లకాయలు! విరుగుడు! తొందరగా!"

"ఎంతసేపక్కా!" అని చిటికెయ్య గుట్ట మీదికి గెంతాడు. తీశాడు. "శుభోదయం." పడేశాడు. తీశాడు. "నీకు కూడా." పడేశాడు. తీశాడు. "వదిలిన కుబుసం." తీశాడు. "నీకు కూడా." "నీకు కూడా." "నీకు కూడా."

"అవన్నీ ఎందుకురా! వైద్యుడివి మాత్రం చూడు!"

"ఏవి వైద్యుడివో చూస్తేనే కదక్కా తెలిసేది!"

చిటికెయ్య చేతులు ఆడుతూనే ఉన్నాయి. గుట్ట మాత్రం ఇంచు తగ్గలేదు. వాడి వేగంలో ఏ లోపమూ లేదు. చూడాల్సినవి ఎక్కువ, అంతే.

జవ్వాది సుద్దులయ్య దగ్గరికి పరుగెత్తింది.

"వైద్యుడివా? బోలెడున్నాయండీ," అన్నాడు సుద్దులయ్య. "అన్నిటి మీదా 'అందరూ క్షేమమని తలుస్తాను' అనే ఉంది. లోపల ఎవరు క్షేమమో నాకెలా తెలుస్తుంది?"

చివరికి ముళ్ళత్త పొద దగ్గరికి పోయి పడింది.

"అత్తా, నీ కాళ్ళు పట్టుకుంటాను. నా కొడుకు. నువ్వు వెతికిపెట్టు. గుహలో సగం కాదు, మొత్తం తీసుకో!"

ముళ్ళత్త పొదలోంచి బయటికి వచ్చింది. ఈసారి తిట్టలేదు.

"నేనొచ్చి ఏం చెయ్యనే పిచ్చిదానా?" అంది. "గోడ ఏది? ముళ్ళేవి? నారలేవి? ఇప్పుడు మొదలుపెడితే వానాకాలం దాటిపోతుంది. వెతకడం అనేది అడిగిన రోజు చేసే పని కాదు. ఉత్తరం వచ్చిన రోజు చేసే పని. ఆ రోజు నువ్వు నన్ను పంపించేశావు."

జవ్వాది బావురుమంది.

"లే మరి," అంది ముళ్ళత్త. "ఏడిస్తే ఆకులు తగ్గవు. అందర్నీ పిలు. గుట్టని పంచుకుని అందరం చదవాల్సిందే."

అడవి అడవంతా కదిలి వచ్చింది. ఏనుగు పెద్దమ్మ తొండంతో ఆకులు ఎత్తి కుప్పలు చేసింది. దుప్పి తన శుభోదయాలు తనే చదువుకుంటూ సిగ్గుతో చచ్చిపోయింది. కుందేలు కూడా వచ్చింది, ఒక్క మాట దెప్పలేదు. మధ్యలో ముంగిస రెండుసార్లు కబురు పంపింది. మొదటిసారి "వాడు అమ్మా అంటున్నాడు" అని. రెండోసారి "ఇప్పుడు అనడం లేదు" అని.

పొద్దు వాలుతుండగా అడవిపంది కేక వేసింది.

"దొరికింది! దొరికింది! ఇదేదో పెళ్ళిపిలుపు అనుకుని పడేయబోయాను!"

అది నిజంగా పెళ్ళిపిలుపే. వైద్యుడు తన మేనకోడలి పెళ్ళికి అందర్నీ రమ్మన్నాడు. తన మోకాళ్ళ నొప్పుల గురించి ఇంత రాశాడు. వియ్యంకుడి పిసినారితనం గురించి అంత రాశాడు. చివర్న, "అన్నట్టు, మీ వాగు ఒడ్డున నల్లకాయలు ఎవరైనా తింటే ఆ చెట్టు వేరునే అరగదీసి పట్టండి, ఆలస్యం చెయ్యకండి" అని రాసి, సంతకం పెట్టాడు.

వేరు అరగదీసి పట్టారు. పుప్పొడి బతికాడు. వాపు తగ్గింది. ముక్కు ముక్కులాగే ఉంది. కానీ దానికి వాసన తెలియడం ఆగిపోయింది. పునుగుపిల్లికి వాసన తెలియకపోవడమంటే చీకట్లో దీపం ఆరిపోవడం లాంటిది. ఉదయమే వేరు పడి ఉంటే అది కూడా దక్కేదని ఆ తర్వాత వచ్చిన కాకి ద్వారా వైద్యుడు రాశాడు. ఈసారి మొదటి వాక్యంలోనే రాశాడు.

కమిటీ కూర్చుంది. జరిగిన దాని మీద విచారణ చేసింది. తప్పు ఉత్తరాలదని తేల్చింది. అవి మరీ ఎక్కువగా ఉన్నాయట. ఆ రోజంతా అలుపు లేకుండా గెంతినందుకు చిటికెయ్యకి ఇంకో దండ వేద్దామంది. జవ్వాది లేచి నిలబడింది.

"దండ వెయ్యండి. వాడు చెప్పిందే చేశాడు," అంది. "గుప్పెడాకులు పరిచింది నేను. ముళ్ళత్త చెప్పింది నాకు అర్థం కాలేదు, అర్థమైన ముక్క నాకు నచ్చలేదు. రేపటి నుంచి గుహలో ఆవిడ ఉంటుంది. సగం చోటు ఆవిడది."

"ఆవిడ నోరు?" అంది ఎలుగుబంటి, పూర్తిగా మేలుకుని.

"అదీ ఆవిడదే," అంది జవ్వాది.

ముళ్ళత్త ఆ వానాకాలమంతా ముళ్ళు గుచ్చింది. నారలు కట్టింది. ఉత్తరం తెచ్చిన ప్రతి కాకినీ గుమ్మంలో నిలబెట్టి, చదివి గానీ వదల్లేదు. "ఇంత ఆలస్యమా?" అని అడవంతా సణిగింది. చలికాలం వచ్చాక గున్నకి మళ్ళీ కడుపునొప్పి వచ్చింది. పెద్దమ్మ "కడుపు, గున్న" అంది. ముళ్ళత్త రెండు నారలు లాగింది. ఒక ఆకు ఊడి వచ్చి పెద్దమ్మ తొండం మీద పడింది.

"ఓస్, ఇంతేనా?" అంది అడవిపంది. "ఇది నేనూ చేస్తాను."

ఆ సాయంత్రం జవ్వాది, పుప్పొడి ఇంటికి నడుస్తున్నారు. దారి పక్క ఏదో చెట్టు పూసింది. గాలి నిండా అదే.

"అమ్మా, అందరూ ఇక్కడ ఆగి ముక్కులెగరేస్తున్నారు. ఎలా ఉంటుందమ్మా ఈ వాసన?" అన్నాడు పుప్పొడి.

తెలిసినట్టు తలాడించడం జవ్వాదికి కొత్త కాదు. కానీ దీన్ని ఏ మాటల్లో చెప్పాలి? ఆ చెట్టు కింద కొడుకు పక్కన కూర్చుంది. "నాకు చెప్పడం తెలియడం లేదు నాన్నా," అంది.

నీతి: గుప్పెడు బరువుతో పరుగెత్తినవాణ్ణి చూసి చప్పట్లు కొట్టకండి. మీరు మోయించబోయే మోపంతా ముందు నెత్తికెత్తి చూడండి, అప్పుడు పని అప్పగించండి.