దారిమూటలో చివరి పిడికిలి

అనగనగా, మీ తాతకు తాత ఇంకా ఉయ్యాల్లో ఊగుతున్న రోజుల్లో, మూడు కొండల అవతల ఒక గురుకులం ఉండేది. కొండలకు ఇవతల జయకేతు మహారాజు కోట, కోట చుట్టూ ఊరు.

ఆ ఊళ్ళో పుల్లమ్మ అని ఒకావిడ ఉండేది. మంగలం అనే మట్టిమూకుడులో ఇసుక కాచి, అందులో శనగలూ వేరుశనగలూ వేయించి అమ్ముకునేది. చేతులు ఎప్పుడూ పనిలో ఉండేవి, నోరు ఎప్పుడూ ప్రశ్నల్లో ఉండేది. "ఇసుకలో వేయిస్తే గింజ మాడదు, ఎందుకంట?" "వానకు ముందు చీమలు గుడ్లు మోసుకుపోతాయి, ఎందుకంట?" జవాబు తెలియని వాళ్ళు ఏం చేస్తారు? వెక్కిరిస్తారు. ఊరంతా ఆమెకు 'ఎందుకంట పుల్లమ్మ' అని పేరు పెట్టేసింది.

గురుకులంలో చేరాలంటే పిల్లలు మూడు కొండలూ నడిచే ఎక్కాలి. పల్లకీలు పనికిరావు. పెద్దవాళ్ళు వెనకాల రావచ్చు కానీ, ఎత్తుకోకూడదు, తినిపించకూడదు. పైగా అందరూ చేరితేనే గురువుగారు తలుపు తీస్తారు. ఒక్కరు తగ్గినా అందరూ వెనక్కి రావలసిందే. ఆ తలుపు కూడా మాఘమాసంలో నాలుగు గురువారాలే తెరుస్తారు.

దారిలో తినడానికి ఒకే ఒక్క మూట. ఎవరిది వాళ్ళకిస్తే మొదటి కొండ ఎక్కకముందే ఖాళీ చేస్తారని పెద్దలు పెట్టిన ఆచారం. పిల్లల్లో పొడుగువాడు మూట మోస్తాడు. ఒక్కో కొండ కింద మూట విప్పితే పొడుగువాళ్ళు ముందు, పొట్టివాళ్ళు చివర వరసగా వచ్చి తలా పిడికెడు తీసుకుంటారు. దాన్ని దారిమూట అనేవాళ్ళు.

చిన్నప్పుడు పుల్లమ్మ వరసలో చిట్టచివర ఉండేది. మాఘంలో ఆఖరి గురువారం నాడు మూడో కొండ కింద కళ్ళు తిరిగి కూలబడింది. ఆమె వల్ల ఆ ఏడు ఎవరికీ చదువు లేకపోయింది. ఆ మాట ఊరూ మరిచిపోలేదు, పుల్లమ్మా మరిచిపోలేదు. ఇప్పుడు ఆమె కూతురు గంగి వంతు వచ్చింది. ఇరవై ఒక్కమంది పిల్లల్లోకీ గంగే పొట్టిది.

దానికి తోడు గురువుగారి దగ్గరనుంచి కబురొచ్చింది. "రెండేళ్ళుగా మీ పిల్లలు రావడం లేదు. ఈ మాఘం కూడా రాకపోతే నేను వేరే దేశానికి వెళ్ళిపోతాను."

రాజుగారికి గుండెలో రాయి పడింది. "పిల్లల్ని మూడు కొండలూ దాటించే దారిమూట ఎవరు కట్టగలరు?" అని చాటింపు వేయించాడు.

మొదటి గురువారం కోట వంటల పెద్ద పేరయ్య మూట కట్టాడు. నెయ్యి కారే లడ్డూలు! పిల్లలు మొదటి కొండ కిందే లొట్టలేసుకుంటూ తిన్నారు. దాహం వేసి కడుపు నిండా నీళ్ళు తాగారు. తరవాత చెట్ల నీడన హాయిగా గుర్రు పెట్టారు. లేచేసరికి సూర్యుడు పడమటికి వాలిపోయాడు.

రెండో గురువారం ఓడల వర్తకుడు సాంబయ్య మూట కట్టాడు. ఏడు దేశాల బాదం, పిస్తా, అక్రోటు, జీడిపప్పు. రెండో కొండ దాకా బాగానే నడిచారు. అక్కడ జీడిపప్పు కోసం జుట్టూ జుట్టూ పట్టుకున్నారు. ఇద్దరికి మోకాళ్ళు చీరుకుపోయాయి, ఒకడి పన్ను ఊడింది. ఊడవలసిన పన్నేలెండి. ఆ రోజూ అందరూ వెనక్కే.

మూడో గురువారం పుల్లమ్మ ముందుకొచ్చింది. వేయించిన వేరుశనగలు, పుట్నాలు, ఎండుకొబ్బరి ముక్కలు, ఖర్జూరాలు, నువ్వులు, బెల్లప్పొడి వేసి, పైన కాస్త ఉప్పూ మిరియాలపొడీ చల్లి కలిపింది. పిల్లలు పాటలు పాడుకుంటూ రెండు కొండలు దాటేశారు. వెనకాల నడుస్తున్న పుల్లమ్మకు కాళ్ళు నేలమీద ఆనలేదు.

మూడో కొండ కింద మూట విప్పారు. పిల్లలంతా తిన్నారు, లేచారు. గంగి మాత్రం లేవలేదు. తల్లి కూలబడిన చోటే, తల్లిలాగే కూలబడింది.

"అర్భకపు పిల్ల. తల్లి పోలికే!" అన్నారు ఊరివాళ్ళు.

పుల్లమ్మ కళ్ళు నీళ్ళతో నిండాయి. కానీ ఆ నీళ్ళలోంచి కూడా ఆమెకు ఒకటి కనిపించింది. గంగి అరచేతికి నువ్వులూ, నూకా, ఉప్పూ అంటుకుని ఉన్నాయి. కొబ్బరి లేదు. ఖర్జూరం లేదు.

"ఏం తిన్నావే తల్లీ?"

"నా వంతు వచ్చేసరికి ఇదే ఉందమ్మా. ఉప్పగా ఉంది. దాహమేస్తోంది."

"అన్నీ నా చేత్తోనే కలిపానే! మరి అడుగున ఉప్పూ నూకే మిగిలాయి, ఎందుకంట?"

ఈసారి ఆ ప్రశ్నకు ఎవరూ నవ్వలేదు. పిల్లల్ని వెనక్కి నడిపించే పనిలో ఉన్నారు పాపం.

మర్నాడు పుల్లమ్మ మంగలం పక్కన పెట్టింది. మళ్ళీ అలాంటి మూటే కట్టి, భుజాన వేసుకుని, పెరట్లో చుట్టూ చుట్టూ తిరగసాగింది. "శనగలతో పాటు బుర్ర కూడా వేగిపోయింది" అన్నారు గోడమీదనుంచి చూసినవాళ్ళు. మధ్యాహ్నం మూట విప్పింది. కొబ్బరీ ఖర్జూరాలూ పైన, నువ్వులూ ఉప్పూ అడుగున. రెండోసారి కావాలని కొబ్బరిని అడుగున వేసి తిరిగింది. మళ్ళీ కొబ్బరే పైకొచ్చింది! మూడోసారి బోర్లించి కట్టి తిరిగింది. అప్పుడూ అంతే.

పుల్లమ్మ నేలమీద చతికిలబడి గింజలకేసి చాలాసేపు చూసింది. చూడగా చూడగా తెలిసింది. నడకకు మూట కుదిలినప్పుడల్లా పెద్ద ముక్కల మధ్య చిన్న చిన్న సందులు పడుతున్నాయి. ఆ సందుల్లోంచి చిన్నవి కిందికి జారిపోతున్నాయి. పెద్దవి ఆ సందుల్లో పట్టవు కనుక పైనే ఉండిపోతున్నాయి. రెండు కొండలు నడిచాక అడుగుకు చేరేది నూకే. ఆ అడుగు వంతు ఎప్పుడూ పొట్టివాళ్ళదే.

"అయితే నేను అర్భకురాలిని కాను!" అని పైకే అనేసింది పుల్లమ్మ. ముప్పై ఏళ్ళ బరువు ఆ ఒక్క మాటతో దిగిపోయినట్టయింది. వెంటనే కోటకు పరుగెత్తి రాజుగారికి సంగతంతా చెప్పింది.

"ఓస్, ఇంతేనా! మూట విప్పగానే చేత్తో కలపమని చెబుదాం" అన్నాడు రాజు.

"పిల్లలు మరిచిపోతారు దొరా. కలిపినా నాలుగడుగులకు మళ్ళీ అంతే."

"నీ కూతురి ఒళ్ళో రహస్యంగా నాలుగు జీడిపప్పులు ముడివెయ్యి. నేనిస్తాను" అన్నాడు అక్కడే ఉన్న సాంబయ్య.

"గురువుగారి గడప దొంగమూటతో ఎక్కమంటారా బాబూ?"

పేరయ్య గొంతు తగ్గించాడు. "వచ్చే గురువారంనుంచి పొట్టివాళ్ళ చెయ్యి ముందు పెట్టిద్దాం. నీ గంగిదే మొదటి పిడికిలి. నీ గొడవ తీరిపోతుంది కదమ్మా."

ఇందులో దొంగతనం లేదు. ఆచారం మారితే చాలు, గంగి గట్టెక్కుతుంది. పుల్లమ్మకు అవుననాలనే ఉంది, అవునని నోటిదాకా వచ్చింది కూడా. కానీ కూతురి అరచేతిలోని ఉప్పు గుర్తుకొచ్చింది.

"మరి అప్పుడు చివర నిలబడేది ఎవరి బిడ్డ స్వామీ?" అంది. "అడుగునున్న నూక అడుగునే ఉంటుంది. తినే పిల్ల మారుతుంది, అంతే. నాకు బుధవారం దాకా గడువివ్వండి."

ఇల్లు చేరి ఒక శనగగింజను ఎదురుగా పెట్టుకుంది. కొబ్బరిని ఆ గింజంత ముక్కలుగా తరిగింది. ఖర్జూరాలూ అంతే కోసి, ఒకదానికొకటి అంటుకోకుండా పుట్నాలపిండిలో దొర్లించింది. నువ్వుల్ని బెల్లప్పాకంలో వేసి శనగంత ఉండలు చుట్టింది. ఉప్పు రాలిపోకుండా, వేరుశనగల మీద ఉప్పునీళ్ళు చల్లి ఆరేదాకా వేయించింది. మిరియాలపొడి మానేసింది. చివరికి అంతా జల్లెడలో పోసి, కిందికి రాలిన నూకనంతా పెరట్లో పిట్టలకు వేసింది. ఆ మూట భుజాన వేసుకుని మళ్ళీ పెరడంతా తిరిగింది. విప్పి చూస్తే పైన ఎలా ఉందో అడుగునా అలాగే ఉంది.

నాలుగో గురువారం వచ్చింది. అదే ఆఖరిది.

మొదటి కొండ దాటారు. రెండో కొండ దాటారు. మూడో కొండ కింద పొడుగువాడు జగ్గడు మూట విప్పాడు. ఇరవై చేతులు లోపలికి వెళ్ళి వచ్చాయి. పుల్లమ్మ దూరంగా ఒక బండ పక్కన నిలబడి చీర కొంగు నోట్లో కుక్కుకుంది. గంగి మోచేతిదాకా చెయ్యి పెట్టి పిడికిలి పైకి తీసి విప్పింది.

కొబ్బరి ఉంది. వేరుశనగ ఉంది. ఖర్జూరం ఉంది. నువ్వుండలు రెండున్నాయి.

గంగి ఒక్కొక్కటే నమిలి, లంగా దులుపుకుని లేచింది. "ఇంకా కూచున్నారేం, పదండి!" అని అందరికంటే ముందు కొండెక్కడం మొదలుపెట్టింది.

గురుకులం తలుపు తెరుచుకుంది. తెల్లగడ్డం గురువుగారు బయటికొచ్చి అందర్నీ లెక్కపెట్టాడు. తరవాత, "నాకేమైనా మిగిల్చారా?" అని మూటలో చెయ్యి పెట్టాడు. అడుగున ఉన్న ఆఖరి పిడికెడు తీసి నోట్లో వేసుకున్నాడు. చాలాసేపు నమిలాడు.

"నలభై ఏళ్ళుగా వచ్చిన ప్రతి మూట అడుగూ రుచి చూస్తున్నాను," అన్నాడు. "ఎప్పుడూ నూకా ఉప్పే. ఇది ఎవరు కట్టారు?"

పుల్లమ్మ భయం భయంగా ముందుకొచ్చి దణ్ణం పెట్టింది.

"ఏం కావాలో అడుగమ్మా."

చిన్నప్పటినుంచీ జవాబు దొరకని ప్రశ్నలన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ ముందుకొచ్చాయి. ఏది ముందడగాలో తేలక వేళ్ళమీద లెక్కపెట్టుకోసాగింది. "అడగవే అమ్మా!" అని గంగి కొంగు లాగింది.

"అందరూ వస్తేనే గానీ తలుపు తియ్యరు..." అంది పుల్లమ్మ చివరికి. "ఎందుకంట స్వామీ?"

గురువుగారు పకపకా నవ్వాడు. "జవాబు కట్టి తెచ్చి ప్రశ్న అడుగుతున్నావా! చివరనున్నవాళ్ళు ఎందుకు ఆగిపోతున్నారో ఎవరో ఒకరు వెతుక్కుంటూ వస్తారని. నలభై ఏళ్ళు పట్టింది. మిగతా ప్రశ్నలు లోపల కూర్చుని అడుగుదువుగాని, రా తల్లీ."

ఆ రోజు ఆ తలుపు ఇరవై ఒక్కమంది పిల్లలకూ, ఒక తల్లికీ తెరుచుకుంది. ఆ ఊళ్ళో ఇప్పటికీ పిల్లలకు దారిమూట కట్టేవాళ్ళు ముందుగా ఒక శనగగింజను ఎదురుగా పెట్టుకుంటారట.

అందుకే పెద్దలన్నారు: పంచేవారి మంచితనం మొదటి పిడికిలిలో కాదు, చివరి పిడికిలిలో తెలుస్తుంది.