రాజుగారి కాకర పండ్లు

ఒకానొక రాజ్యానికి ఒక రాజు, ఆ రాజుకో మీసం, ఆ మీసం దువ్వడానికో నౌకరు ఉండేవారు. రాజుగారి పేరు ప్రచండవర్మ. కొత్తగా ఏ సంగతి తెలిసినా ఆయన ఊరికే ఉండలేరు, దాన్ని వెంటనే శాసనం చేసేస్తారు.

ఒకసారి పొరుగుదేశపు పండితుడొకడు సభకు వచ్చాడు. పువ్వులోంచి పుట్టి కడుపులో గింజలు మోసేది ఏదైనా పండేననీ, ఆకులూ దుంపలూ కాడలూ మాత్రమే కూరగాయలనీ చెప్పి వెళ్ళాడు. సాయంత్రానికల్లా చాటింపు వేయించారు. ఇకమీదట వంకాయ, బెండకాయ, కాకరకాయ అన్నీ పండ్లే. కూరగాయలన్నవాళ్ళకి దేశబహిష్కారం!

మర్నాడు భోజనాల వేళ వంటశాల పెద్ద సోమిదేవమ్మ ఏమరుపాటున, "ప్రభూ, ఈ పూట కూరగాయల్లో వంకాయే లేతగా దొరికింది" అంది. రాజుగారి మీసం లేచింది.

"రేపు ఏకాదశి. ఎల్లుండి ద్వాదశి పారణకు వంట చేసిపెట్టి, దేశం విడిచి వెళ్ళు" అన్నారు.

పక్కనే భోంచేస్తున్న ఆస్థాన విదూషకుడు పోలనకి ముద్ద గొంతులో అడ్డుపడింది. ఆ తల్లి చేతి వంట లేకపోతే తన బతుకేం కాను? చప్పున లేచి, "మహాప్రభూ, రేపటి ఫలాహారం ఏర్పాటు నాకు వదిలేయండి" అని వేడుకున్నాడు. రాజు సరేనన్నారు.

ఏకాదశినాడు పూజ అయ్యాక రాజుగారు ఆకలిమీద పీటపై కూర్చున్నారు. పోలన వెండిపళ్ళెం తెచ్చి ముందు పెట్టాడు. అందులో పచ్చి వంకాయ, బెండకాయ, కాకరకాయ, ఓ గుప్పెడు పచ్చిమిరపకాయలు.

"పండ్లేవిరా?"

"ఇవే ప్రభూ! అన్నీ పువ్వులోంచి పుట్టినవే. స్వామికి నైవేద్యం కూడా అయింది."

ప్రసాదాన్ని కాదనడానికి లేదు. శాసనం చూస్తే తనదే. రాజుగారు పళ్ళు బిగించి బెండకాయ కొరికారు, నోరంతా జిగురు. వంకాయ వగరు. కాకరకాయ కొరికేసరికి మీసం రెండువైపులా వాలిపోయింది. మిరపకాయ చేతిలోకి తీసుకుని ఆగిపోయారు.

"పోలనా, నువ్వేమైనా చెప్పదలుచుకుంటే ఇప్పుడే చెప్పు."

"తమరన్నది తప్పు కాదు ప్రభూ. తోటలో నిలబడి చూస్తే వంకాయ పండే. పొయ్యి దగ్గర నిలబడి చూస్తే కూరగాయ. సోమిదేవమ్మగారు పొయ్యి దగ్గర నిలబడి చెప్పారు, తమరు తోటలో నిలబడి విన్నారు."

రాజుగారు మిరపకాయకేసి చూశారు, పోలనకేసి చూశారు. పకపకా నవ్వారు. "సోమిదేవమ్మ ఎక్కడికీ వెళ్ళదు. శాసనం రద్దు. నాయనా, ఓ అరటిపండుంటే ఇప్పించు!"

"తలుపు వెనకాల గెల ఉంది ప్రభూ. అదీ నైవేద్యం అయింది."

ద్వాదశినాడు పోలన ఇంటికి పట్టుగుడ్డ కప్పిన బుట్ట వచ్చింది. 'నీ తెలివికి మెచ్చి మేలురకం పండ్లు పంపుతున్నాం' అని రాజుగారి కబురు. గుడ్డ తీస్తే నిండా కాకరకాయలు! అడుగున మాత్రం ఓ బంగారు కంకణం మెరిసింది.

పోలన కంకణం తొడుక్కుని, బుట్ట ఎత్తుకుని తిన్నగా వంటశాలకి నడిచాడు. సోమిదేవమ్మ ఆ పండ్లను బెల్లం పెట్టి కూర వండింది. రాజుగారు మారు మాట్లాడకుండా మారు వడ్డించమన్నారు.