గొడుగు చుట్టూ తెల్లగీత

బంగారాచారి మాస్టారిని ప్రశ్న అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. ఈ సంగతి తెలిసిన శిష్యులు నోరు మెదపకుండా ఎవరి పని వాళ్ళు చేసుకుంటారు. విజయగౌరికి తెలియక కాదు, తప్పనిసరై అడిగింది.

"మాస్టారూ, ఈ తెల్లగీత పోవాలంటే ఏం చెయ్యాలి?"

విశాఖపట్నం పాతఊళ్ళో ఉంది మాస్టారి అచ్చుశాల. బొమ్మని చెక్క మీద చెక్కి కాగితం మీద అచ్చు తీయడం అక్కడి పని. రంగుల బొమ్మయితే చాలామంది రంగుకో చెక్క పెట్టుకుంటారు. మాస్టారు అలా పెట్టరు. ఒక్క చెక్క మీదే బొమ్మంతా చెక్కి, తర్వాత సన్నరంపంతో దాన్ని ముక్కలుగా కోస్తారు. ముక్కల్ని విడదీసి, దేని రంగు దానికి రోలరుతో పూసి, మళ్ళీ అన్నిటినీ ఎక్కడివక్కడ కూర్చి, పైన కాగితం పరిచి ప్రెస్సు తిప్పుతారు. రంగులన్నీ ఒక్కసారే దిగుతాయి. చిక్కల్లా ఒకటే. రంపం నడిచిన దారిలో చెక్క పొట్టయి రాలిపోతుంది కదా, ఆ దారి పొడుగునా కాగితానికి రంగు అంటదు. ముక్కకీ ముక్కకీ మధ్య సన్నగా ఒక తెల్లగీత మిగిలిపోతుంది.

విజయగౌరి బడిలో డ్రాయింగు టీచరు. సాయంత్రాలూ సెలవులూ ఈ శాలలోనే గడుపుతూ తల నెరిసే వయసుకి వచ్చింది గానీ ఆమె బొమ్మ ఊరు దాటి ఏ ప్రదర్శనకీ వెళ్ళలేదు. ఇన్నాళ్ళకి హైదరాబాదులో ఒక గ్యాలరీ వాళ్ళు ఆమె బొమ్మ చూసి ముచ్చటపడ్డారు. అరకు వైపు సంతలో, నీలం గొడుగు కింద, పసుపుకొమ్ములు రాశి పోసుకుని కూర్చున్న ఎర్రచీర మనిషి. అయిదు ప్రతులు పంపమన్నారు, అయిదూ ఒకేలా ఉండాలన్నారు. అయితే గొడుగు చుట్టూ, చీర చుట్టూ ఉన్న ఆ తెల్లగీతలు పగుళ్ళలా కనిపిస్తున్నాయనీ, అవి లేకుండా తీస్తేనే గోడ మీద చోటనీ మెలిక పెట్టారు. ఇది కూడా దక్కకపోతే ఇక శాల గడప తొక్కనని, సాయంత్రాలు ట్యూషన్లు చెప్పుకుంటానని ఆమె ఇంట్లో అందరి ముందూ అనేసింది. అన్నదంటే చేసే మనిషి.

మాస్టారు ప్రశ్న విని, గోడకి చేరేసి ఉన్న గుమ్మడిటేకు చెక్కపలక ఒకటి తీసి ఆమె చేతిలో పెట్టారు. గీత లేకుండా తీసి చూపించమన్నారు. పోతుందనీ అనలేదు, పోదనీ అనలేదు.

అక్కడ మొదలైంది ఆమె అయోమయం. పోయేదే అయితే ఇన్నేళ్ళుగా మాస్టారి బొమ్మల్లో ఆ గీత ఎందుకున్నట్టు? పోనిదే అయితే బంగారంలాంటి పలక చేతికిచ్చి పాడుచేసుకోమనడం దేనికి? అడగడానికి లేదు. అడిగితే ఇంకో పలక వస్తుంది.

అదే బొమ్మని కొత్త పలక మీద మళ్ళీ చెక్కింది. బజారంతా తిరిగి ఇంకా సన్నటి బ్లేడు తెచ్చి కోసింది. గీత సన్నబడింది గానీ పోలేదు. ముక్కలన్నిటినీ ఒక పక్కకి నెట్టి బిగించి చూసింది. ఆ పక్క గీత పోయి ఈ పక్కది రెట్టింపయింది. సంతమనిషి గొడుగు నీడలోంచి లేచి ఎండలోకి జరిగినట్టయింది. చివరికి వడ్రంగులు సందులు పూడ్చే పద్ధతికి దిగింది. కోసినప్పుడు రాలిన రంపంపొట్టునే ఫెవికాల్లో కలిపి ముక్కల అంచులకి మెత్తింది. ఆరాక గరుకుకాగితంతో రుద్దింది, కూర్చి చూసింది, చాలక మళ్ళీ మెత్తింది. బొటనవేళ్ళు ఎర్రబడేలా అదిమితే తప్ప ముక్క దిగనంత బిగువు వచ్చేదాకా వదల్లేదు.

పక్కబల్ల దగ్గర పనిచేసుకునే జోగినాయుడు ఈ అవస్థంతా చూస్తూనే ఉన్నాడు.

"చిన్నసైజు గాజులు వేయించుకుంటున్నట్టుంది అక్కా నీ పని. ఎక్కించడం సరే, తీసేటప్పుడు సబ్బు రాస్తావా?" అన్నాడు.

ముందు నీ పలక సంగతి చూసుకోమంది విజయగౌరి.

రంగులు పూసింది. ముక్కల్ని సగం దాకా తను దించి మిగతాది ప్రెస్సుకి వదిలేసింది. చక్రం మామూలుకన్నా బరువుగా తిరిగింది. లోపల ఎక్కడో కిర్రుమంది. కాగితం అంచు పట్టుకుని లేపి చూస్తే, గీత లేదు. నీలాన్ని ఆనుకుని పసుపు, పసుపుని ఆనుకుని ఎరుపు, మధ్యలో చీమ దూరే సందు లేదు. జోగినాయుడు వచ్చి తొంగి చూసి, ఏమీ అనకుండా వెళ్ళి కూర్చున్నాడు. అంతకన్నా పొగడ్త అతని నోట రాదు.

ఆ ఊపులోనే రెండో ప్రతికి రంగు పూద్దామని ముక్కలు తీయబోయింది. రాలేదు. గోరు పెట్టి లాగింది, రాలేదు. పోనీ విడదీయకుండానే పూద్దామని రోలరు ఆడిస్తే గొడుగు నీలం వెళ్ళి పసుపు రాశి మీద పడి, కొమ్ములు ఆకుపచ్చగా తేలాయి. దాన్ని తుడిచి, చెక్కని బోర్లించి వెనకనుంచి సుత్తితో తట్టింది. గట్టిగా తట్టింది. గొడుగు నిలువునా చీలింది గానీ తన చోటు మాత్రం వదల్లేదు.

గీత వద్దన్నవాళ్ళే అయిదు ప్రతులు కావాలన్నారు. చేతిలో గీత లేని బొమ్మ ఉంది, బల్ల మీద కదలని చెక్క ఉంది. అనుకున్నది సాధించిందో, చేజేతులా చెడగొట్టుకుందో ఆమెకి పాలుపోలేదు. మాస్టారే తేలుస్తారనుకుంది.

మాస్టారు వరండాలో కూర్చుని కిరసనాయిలుతో రోలర్లు తుడుస్తున్నారు. ఆమె బొమ్మ అందించింది. చెక్క సంగతి ఎత్తలేదు. ఆయన చేతులు శుభ్రంగా తుడుచుకుని, కాగితాన్ని వెలుతురుకేసి పట్టి, తర్వాత కళ్ళకి దగ్గరగా తెచ్చుకుని అంచు అంచునా చూశారు.

"బాగుంది. గీత పోయింది" అన్నారు.

ఆయన నోట ఆ మాట వినడం ఆమెకి అదే మొదలు. సంతోషించాలనుకుంది. సంతోషించవచ్చో లేదో తెలియలేదు.

"అయితే దీన్ని పంపించమంటారా మాస్టారూ?"

"పంపుదువుగానిలే." ఆయన బొమ్మ తిరిగి ఆమెకిచ్చి రోలరు అందుకున్నారు. "ముందు రెండోది తీసుకురామ్మా, రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం."