గడపకు చెప్పిన మాట

ఈరమ్మవ్వ పాడిన నలభై మూడు తత్వాలను పోగొట్టింది నేను. కరెంటు పోగొట్టిందని కొందరు అంటారు. వాళ్లు ఆ గదిలో లేరు.

మా మఠంలో ఆ తత్వాలు తెలిసిన మనిషి అవ్వ ఒక్కతే. ఎనభై ఆరేళ్లు, చూపు లేదు. ఆమె తర్వాత పాడేవాళ్లు ఎవరూ లేరని, వాటిని రాయించి పెట్టాలని మా గురువు మస్తానయ్య స్వామి అన్నాడు. నేను రాస్తానన్నాను.

నా చదువు రెండో తరగతితో సరి. నలభై ఏళ్లు గోడలు కట్టినవాణ్ణి. ఒక్క ఇటుక దారం దాటితే పీకి మళ్లీ పెట్టినవాణ్ణి. అక్షరాన్ని కూడా అట్లే పెడతానని స్వామికి చెప్పినాను. స్వామి సరే అన్నాడు.

స్వామి మఠానికి రాకముందు గుంతకల్లులో రేడియోలు బాగుచేసేవాడు. ఎవరో వద్దని పారేసిన కంప్యూటరును తెచ్చినాడు. దాని హార్డ్‌డిస్కు కాలిపోయి ఉంటే, ఒక సీడీ పెట్టి మిషన్‌ను లేపినాడు. తెర వెలిగింది. నేను ఒంటి వేలితో కొట్టడం మొదలుపెట్టినాను.

అవ్వ ఒక చరణం పాడేది. నేను కొట్టి, "ఊఁ, తర్వాత" అనేవాణ్ణి. నిన్న ఒకరకంగా పాడిన మాట ఈరోజు ఇంకోరకంగా పాడితే ఆపి అడిగేవాణ్ణి.

"హంపన్నా, నువ్వు పాట వింటాండావా, కొడతాండావా?" అని అడిగింది ఒకరోజు.

"రెండూ చేస్తాండా అవ్వా. తర్వాత?"

ఖాసీం సంగతి కూడా చెప్పాలి. వాడూ స్వామి శిష్యుడే. నాకంటే ఇరవై ఏళ్లు చిన్న, కరెంటు పని చేస్తాడు. తొమ్మిదేళ్లుగా వాడితో నాకు మాటల్లేవు. ఒకే మఠంలో ఉంటాం కాబట్టి, ఏదైనా చెప్పాల్సొస్తే వాడు గడపకు చెప్తాడు. నేను గడపకే జవాబిస్తాను.

మూడోరోజు వాడు గది బయట నిలబడినాడు.

"గడపా, ఆ మిషన్ సీడీ మీద నడుస్తాండాది. సీడీలో మనం రాసింది పడదు. ఆర్పితే అంతా పోతాది. నా పెన్‌డ్రైవు ఉండాది, తీసుకోమను."

"గడపా," అన్నాను నేను, "వాని వైర్లు వాణ్ణి చూసుకోమను. నా ఫైళ్లు నా కండ్ల ముందరే కనపడతాండాయి."

కనపడుతున్న మాట నిజమే. కానీ వాడు చెప్పింది కూడా నిజమేమోనని లోపల పీకుతూనే ఉంది. అందుకే ఆ రోజు నుంచి మిషన్‌ను ఆర్పలేదు. పని అయినాక తెర మీద తువ్వాలు కప్పేవాణ్ణి. కరెంటు పోతే కింద పెట్టిన బ్యాటరీ పెట్టె కాసేపు మోసేది. పెన్‌డ్రైవు మాత్రం అడగలేదు.

పంతొమ్మిది రోజుల్లో నలభై మూడు తత్వాలు అయినాయి. ఇరవయ్యోరోజు పొద్దున అవ్వకు పక్షవాతం వచ్చింది. నోరు పడిపోయింది.

అది జరిగిన మూడోనాడు మధ్యాహ్నం గాలి లేచింది. రోడ్డు మీద స్తంభం ఒరిగి కరెంటు పోయింది. బ్యాటరీ పెట్టె కుయ్‌కుయ్‌మనడం మొదలుపెట్టింది. ఖాసీం పరుగెత్తుకొచ్చినాడు. మెడలో దారానికి వేలాడే పెన్‌డ్రైవు తీసి చెయ్యి చాపినాడు. లోపలికి మాత్రం రాలేదు. నేనున్న గదిలోకి రావద్దని ఎప్పుడో అని ఉన్నాను.

"గడపా, ఇంకా ఐదు నిమిషాలుండాది. ఇప్పుడన్నా తీసుకోమను. కోపం నా మీద గదా, అవ్వ మీద కాదు గదా."

నేను మిషన్ మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. కరెంటు వస్తుందిలే అనుకున్నాను. వాడి చెయ్యి చాపినట్టే ఉంది. కూత పొడుగైంది. తెర నల్లబడింది.

మరుసటిరోజు కరెంటు వచ్చినాక స్వామి సీడీ పెట్టి లేపినాడు. తెర మొదటిరోజు ఎట్లుందో అట్లే ఉంది. ఒక్క ఫైలు లేదు. నా వేలు దాన్ని ఎన్నడూ తాకనట్టే ఉంది.

స్వామి కాళ్ల దగ్గర కూలబడినాను. "నేనింక ఉండి ఏం లాభం స్వామీ? అవ్వ మొగం ఎట్ల చూడాల?"

స్వామి తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. గడప వైపు చెయ్యి చాపినాడు. బయట ఉన్న ఖాసీం మెడలోని దారం తీసి పెన్‌డ్రైవు ఇచ్చినాడు.

"దీంట్లో ఏముండాది?" అని అడిగినాడు స్వామి.

"మా నాయన గొంతు స్వామీ. తుడిచేయండి, ఇంకోచోట కూడా పెట్టుకున్నా."

స్వామి దాన్ని తుడిచి, జాగా చేసి, ఆ జాగాకొక పేరు పెట్టినాడు. మిషన్‌ను మళ్లీ లేపుతూ నల్ల తెర మీద ఒక మాట కొట్టినాడు.

"సీడీ మీద గీత పడదు హంపన్నా. అది ఎప్పుడూ పుట్టినట్టే ఉంటాది. ఈ మాట కొడితే, పక్కన ఇంత జాగా ఉందని దానికి తెలుస్తాది. మనం రాసింది ఈ జాగాలో పడతాది, రేపు లేపినా ఉంటాది. ఊఁ, రాయి."

"ఏం రాయాల?"

"అవ్వ పాట. నీకు గుర్తుండేది ఏదన్నా."

వేలు ఎత్తినాను. ఒక పాటలో మొదటి మాట వచ్చింది. రెండోది రాలేదు. ఇంకోటి మొదలుపెట్టినాను, అదీ అంతే. పంతొమ్మిది రోజులు నేను విన్నదేమిటి? దీర్ఘం ఎక్కడ, వత్తు ఎక్కడ, తర్వాత ఏమిటి. నలభై మూడింట్లో ఒక్క చరణం నా దగ్గర లేదు.

స్వామి నా పక్కన కూర్చున్నాడు. పక్క గదిలోంచి అవ్వ ఊపిరి వినపడుతోంది.

"తొమ్మిదేళ్ల కింద ఖాసీం నిన్ను ఏమన్నాడు?"

ఆలోచించే పని లేకపోయింది.

"వంటశాల గోడకు దారం పట్టి, గోడకు పొట్ట వచ్చిందప్పా, కట్టినాయన మాదిరే, అన్నాడు. శుక్రవారం. పదకొండుమంది ఉన్నారు, నలుగురు నవ్వినారు. వాని చేతిలో టీ గ్లాసు, దాని అంచు పగిలి ఉండె. ఆ గోడకు పొట్ట లేదు స్వామీ, ఇప్పుడైనా దారం పట్టి చూడండి."

"అదే రాయి."

కొట్టినాను. ఎక్కడా తడుముకోలేదు. స్వామి మిషన్‌ను ఆర్పినాడు. వైరు కూడా పీకినాడు. మళ్లీ పెట్టి, లేపి, ఆ మాట కొట్టినాడు.

ఉంది. గోడ, పొట్ట, నలుగురి నవ్వు, అంచు పగిలిన గ్లాసు. ఒక్క అక్షరం చెదరలేదు.

"నిలిచింది," అన్నాడు స్వామి. లేచి అవ్వ దగ్గరికి పోయినాడు.

చెరిపే మీట ఎక్కడుందో నాకు తెలుసు. వేలు పోలేదు. గడప అవతల ఖాసీం ఇంకా నిలబడే ఉన్నాడు, వట్టి మెడతో.

"గడపా" అని నోటిదాకా వచ్చింది. మింగినాను. వాడి పేరు పలకాలని నోరు తెరిచినాను. పక్క గదిలో అవ్వ నోరు మాదిరే అది తెరుచుకుని ఉండిపోయింది.