కుందేలట్టు

విరూపాక్షయ్యగారిని ఇంటి సంగతి ఏదైనా అడిగితే అడిగినచోట జవాబు చెప్పరు. "మీ ఇంటికొచ్చి చెబుతాలే" అంటారు. రావడం కూడా సరిగ్గా టిఫిను వేళకే వస్తారు. పాలకొండలో ఆయన దగ్గర గీత చెప్పించుకునే శిష్యుల్లో కొంటెవాళ్ళు కొందరు దీనికి వేరే అర్థం తీశారు. అల్లప్పచ్చడి బాగా చేసే ఇళ్ళకే గురువుగారి జ్ఞానం ఎక్కువగా నడిచి వెళుతుందని వాళ్ళు అనుకుంటారు. ఆ మాట ఆయన చెవిన కూడా పడింది. ఆయన కాదనలేదు.

ఒక శనివారం సాయంత్రం పాఠం అయిపోయి అందరూ చాపలు చుడుతుంటే, భానోజీరావు ఒక్కడూ కదల్లేదు. అతను హైస్కూల్లో డ్రాయింగు మాస్టారు. నలభై దాటాక, కిందటి వేసవిలో కుసుమను పెళ్ళి చేసుకున్నాడు. ఆమె మొదటి భర్త పోయాడు. ఏడేళ్ళ కూతురుంది, పేరు తరళ. ఆ పిల్ల భానోజీరావుని ఊళ్ళో పిల్లలందరిలాగే "మాస్టారూ" అని పిలుస్తుంది. అడిగినదానికి జవాబు చెబుతుంది, చెప్పిన పని చేస్తుంది. అంతకుమించి ఒక్క అడుగు దగ్గరికి రాదు.

"గురువుగారూ, ప్రేమతో చేసిన పని అవతలివాళ్ళకి ఎందుకు కనబడదు?" అని అడిగాడు భానోజీరావు.

"ఏం పనిరా?"

చెప్పడానికి అతనికి కాస్త సిగ్గేసింది. ప్రతి ఆదివారం తనే పొయ్యి దగ్గర నిలబడి ఆ పిల్ల కోసం బొమ్మలట్లు పోస్తున్నాడు. కుందేలు, ఏనుగు, గుడ్లగూబ, ఏది తోస్తే అది. కొంచెం అట్లపిండిలో రాగిపిండి కలిపి, ఆ నల్లటి పిండితో కళ్ళూ మీసాలూ దిద్దుతున్నాడు. ముగ్గురూ కలిసి కూర్చుని నవ్వుకుంటూ తినాలని అతని ఆశ. ఆ పిల్ల మాత్రం పళ్ళెంలోకి ఒకసారి చూసి, రెండు ముక్కలు తిని, పళ్ళెం పట్టుకుని వీధి మెట్ల మీదికి వెళ్ళిపోతుంది. అక్కడ కూర్చుని మిగిలింది గోరింకలకి పెడుతుంది. కిటికీలోంచి తన కళ్ళతో తనే చూశాడు.

"నేను పోసింది పిట్టల పాలవుతోందండి. ఇంక మానేద్దామనుకుంటున్నాను," అన్నాడు. అతను మానేద్దామనుకుంటున్నది అట్లు మాత్రమే కాదని ఆ గొంతు వింటే ఎవరికైనా తెలుస్తుంది.

గురువుగారు కాసేపు గడ్డం నిమురుకున్నారు. "రేపు ఆదివారమే కదా, పొద్దున్నే వస్తాను. అల్లప్పచ్చడి ఉంటుందా?" అన్నారు.

అన్నట్టుగానే వచ్చారు. వచ్చి తిన్నగా వంటగదిలోకి నడిచి పీట వాల్చుకున్నారు. కుసుమ కంగారుపడిపోయింది. "ముందుగదిలో కూర్చోండి గురువుగారూ, ఇక్కడ ఉక్కపోత," అంది. "ఇక్కడైతే అట్టు చల్లారకుండా అందుతుందమ్మా," అని ఆయన మఠం వేసుకుని కూర్చున్నారు. ఆ పక్కనే తరళ, మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని, పళ్ళెం ముందు పెట్టుకుని కూర్చుంది.

భానోజీరావు కుందేలు మొదలుపెట్టాడు. గురువుగారు చూస్తున్నారన్న హుషారు కూడా తోడైంది. గుండ్రంగా ముఖం పోశాడు, పొడుగ్గా చెవులు లాగాడు, బుగ్గలు ఉబ్బించాడు. అంతా అయ్యాక ఊపిరి బిగబట్టి, చెంచా కొసన నల్లటి పిండి తీసుకుని పైన రెండు కళ్ళు దిద్దాడు. బొమ్మకి కళ్ళు ఆఖర్న దిద్దాలన్నది ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ అతను పిల్లలకి చెబుతున్న పాఠం. పెనం మీద ఆ కుందేలు ఎంత ముద్దుగా ఉందంటే, గురువుగారే పీట మీంచి సగం లేచి, మెడ చాచి "ఓహో!" అన్నారు.

తర్వాత అట్టు తిరగేశాడు. ఇంకా పచ్చిగా ఉన్న కళ్ళు పెనానికి అణిగి, పక్కలకి పాకి, మీసాలతో కలిసిపోయాయి. పళ్ళెంలోకి వచ్చేసరికి ముఖమంతా మరకలే మిగిలాయి. భానోజీరావుకి మాత్రం ఇంకా పెనం మీద తను చూసిన కుందేలే కనబడుతోంది. మురిసిపోతూ పిల్ల ముందు పెట్టాడు.

"ఏమిటమ్మడూ ఇది?" అని అడిగారు గురువుగారు.

తరళ మాస్టారి వంక చూసింది, అమ్మ వంక చూసింది. అబద్ధం చెప్పడం చేతకాదు, నిజం చెప్పడానికి మనసు రాదు.

"కుందేలండి," అంది చివరికి. "వానలో తడిసింది."

కుసుమ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భానోజీరావు ముఖం మాడిపోయింది. గురువుగారు పొట్ట కదిలేలా నవ్వి, "తడవని కుందేలు నువ్వు పొయ్యగలవా?" అన్నారు.

పిల్ల కళ్ళు మెరిశాయి. కుసుమ మంట తగ్గించి, ఎత్తుపీట వేసి, వెనకాల నిలబడింది. తరళ ముందుగా నల్లటి పిండి అందుకుంది. ఖాళీ పెనం మీద, పక్కపక్కనే, రెండు చుక్కలు పెట్టింది.

భానోజీరావు ఉండబట్టలేకపోయాడు. "ముఖమే లేదు, అప్పుడే కళ్ళేమిటి?"

తరళ తల తిప్పలేదు. "ముందు కళ్ళే పెట్టాలండి. లేకపోతే దానికి మనం కనబడం కదా!"

అని, గరిటెడు తెల్లపిండి తీసి ఆ కళ్ళ మీదే పోసేసింది. కళ్ళు మునిగిపోయాయి. పెట్టిన కళ్ళు చేజేతులా పూడ్చేస్తోందని డ్రాయింగు మాస్టారి ప్రాణం విలవిల్లాడింది. చెయ్యి దానంతట అదే ముందుకి వెళ్ళింది. గురువుగారు లేచి ఆ మణికట్టు పట్టుకున్నారు. "ఆగరా," అన్నారు.

అంచులు లేచాక తల్లీకూతుళ్ళు కలిసి అట్లకాడతో అట్టు తిరగేశారు. ఎర్రగా కాలిన ముఖంలోంచి రెండు నల్లటి కళ్ళు పైకి చూశాయి. ఒక చెవి బారెడుంది, ఇంకో చెవి మొలకెత్తిన చిక్కుడుగింజలా ఉంది. కుందేలని ఒప్పుకోవాలంటే కాస్త దయ కావాలి. కానీ అది చూస్తోంది! కుసుమ చప్పట్లు కొట్టింది.

కళ్ళు అంత శుభ్రంగా ఎలా వచ్చాయో చూద్దామని భానోజీరావు వంగాడు. వంగితే అతని ముఖం పిల్ల ముఖానికి సరిగ్గా ఎదురుగా వచ్చింది. ఆ పిల్ల నోరంతా తెరిచి నవ్వుతోంది. ఆ నవ్వులో పైపన్ను ఒకటి పక్కకి వాలిపోయి ఉంది.

"పన్ను కదులుతోందా?"

తరళ చప్పున నోరు మూసుకుని తలూపింది.

"ఎప్పట్నుంచి?"

"చాలా రోజులైందండి. మీ కుందేలు చెవులు కరకరలాడతాయి కదా, కొరికితే నొప్పెడుతుంది. వదిలేస్తే మీరు బాధపడతారు. అందుకని గోరింకలకి పెట్టేస్తున్నాను."

"పన్ను సంగతి నాకు తెలుసుగానీ, గోరింకల సంగతి తెలీదే!" అంది కుసుమ.

భానోజీరావుకి అప్పటికి అర్థమైంది. తన మీద అయిష్టం అనుకుని ఇన్నాళ్ళూ కుమిలిపోయినదంతా తన మనసు నొప్పించకూడదని ఆ పసిది పడిన అవస్థ. సిగ్గూ సంతోషమూ ఒక్కసారే ముంచుకొచ్చి కళ్ళు చెమ్మగిల్లాయి. కొత్త కుందేలుని ఇంకో పళ్ళెంలోకి తీసుకుని, కిందనే చతికిలబడి, దాని చెవులు రెండూ తుంచి తన నోట్లో వేసుకున్నాడు.

"చెవులు నావి. మెత్తటి బుగ్గలు నీవి," అన్నాడు.

తరళ ఆలోచించింది. బేరం నచ్చింది. పళ్ళెం తెచ్చుకుని అతని పక్కనే కూర్చుంది. వీధి మెట్ల మీద గోరింకలు వేళ మించిపోయిందని గోల చేస్తుంటే, వానలో తడిసిన కుందేలుని కుసుమ వాటికి వేసి వచ్చింది.

గురువుగారు అల్లప్పచ్చడి రెండోసారి వేయించుకుని, తృప్తిగా తిని లేచారు. సాగనంపడానికి భానోజీరావు గుమ్మం దాకా వచ్చాడు. శిష్యుడు శిష్యుడే, అడగకుండా ఉండలేకపోయాడు.

"గురువుగారూ, నా ప్రశ్నకి మీరేమీ చెప్పలేదు."

ఆయన చెప్పులు వేసుకుంటూ, "బొమ్మకి నువ్వు కళ్ళు ఎప్పుడు దిద్దుతావురా?" అని అడిగారు.

"ఆఖర్నండి."

"ఊఁ," అన్నారాయన.

ఇంతలో వంటగదిలోంచి కేక వినబడింది. "మాస్టారూ! ఏనుక్కి కళ్ళు పెట్టేశాను. ముఖం మీరు పొయ్యాలి, తొందరగా రండి!"

భానోజీరావు లోపలికీ చూశాడు, గురువుగారి వంకా చూశాడు.

"వెళ్ళరా," అన్నారు విరూపాక్షయ్యగారు. "ఏనుగు నీకోసం చూస్తోంది."