గవరమ్మ చిలక ఆడదా, మగదా?

అనగనగా జామతోటల నడుమ ఒక ఊరు. ఆ ఊళ్ళో తోట కాపలా కాసే సింహాచలం, అతని పెళ్ళాం గవరమ్మ. వాళ్ళకి లేకలేక పుట్టిన కూతురు నూకాలు. ఆ పిల్లని ఓ వానాకాలం విషజ్వరం ఎత్తుకుపోయింది. అలా మొహం పెట్టకు తల్లీ, కథంటే అన్నీ లడ్డూలే ఉంటాయా మరి? ఇటు తిరిగి పడుకో.

పిల్ల దినం నాటి రాత్రి, ఆనవాయితీ ప్రకారం గవరమ్మ గది నేలంతా బియ్యప్పిండి పరిచి తలుపేసింది. పోయినవాళ్ళు ఏ రూపంలో తిరిగొస్తారో ఆ పిండిలో అడుగులు పడతాయంటారు. పొద్దున చూస్తే పిట్ట అడుగులు! ఆ తర్వాత కొద్దిరోజులకే గాలివానకి పెరట్లో ఓ చిలకపిల్ల రాలిపడింది. ఇంకేముంది, "నా నూకాలే వచ్చింది" అని గవరమ్మ దాన్ని గుండెకి హత్తుకుంది.

"ఆడదో మగదో తెలీకుండానే కూతురంటావేమే?" అన్నాడు సింహాచలం. ఆ మాట గవరమ్మకి ముల్లులా గుచ్చుకుంది.

అప్పుడు చిలకని మంత్రసాని పైడమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. పైడమ్మ దారానికి ఉంగరం కట్టి చిలక మీద వేలాడదీసింది. ఉంగరం గుండ్రంగా తిరిగింది. "ఆడపిల్లే" అంది. ఆ తర్వాత పక్కింటి ముసలమ్మ పండుమిరపకాయ పెట్టి చూసింది. "నాజూగ్గా కొరుకుతోంది, ఆడదే" అంది. ఆ మహాతల్లికి ఆవకాయ సంగతి తెలుసు గానీ చిలకల సంగతేం తెలుసు? ఆ తర్వాత చిలకజోస్యం చెప్పేవాడు వచ్చాడు. "ఈ వయసులో ఎవరూ చెప్పలేరమ్మా. మగదైతే పెద్దయ్యాక మెడ చుట్టూ నల్లటి కంటె వస్తుంది. అందాకా ఆగు" అన్నాడు. మనకి నచ్చిన మాట చెప్పినవాళ్ళే కదా మనకి పండితులు! గవరమ్మ వాణ్ణి తిట్టి పంపేసింది.

చిలకకి నూకాలు అనే పేరు పెట్టింది. గోరుముద్దలు తినిపించింది, దిష్టి తీసింది. అది "అమ్మా, అన్నం" అనడం నేర్చింది. ఆ పిలుపు విన్నాక గవరమ్మ మళ్ళీ తల దువ్వుకుంది, మళ్ళీ వేళకి పొయ్యి వెలిగించింది.

రెండేళ్ళు తిరిగాయి. ఓ పొద్దున మెడ నిమురుతుంటే నల్లటి గీత కనిపించింది. చూస్తుండగానే ఆ గీత కంటె అయింది. మగచిలక!

గవరమ్మ నెత్తీ నోరూ కొట్టుకుంది. "అయ్యో, నా బిడ్డ ఏ చెట్టు మీద ఆకలితో ఉందో! దాని ముద్దంతా ఎవడికో పెట్టానే!" అని ఏడ్చింది. "పోనీలేవే, నిన్ను అమ్మా అంటోంది కదా, ఉండనీ" అని సింహాచలం బతిమాలాడు. వింటేనా! పంజరం తలుపు తీసి తోలేసింది.

చిలక చూరు మీద వాలి "అమ్మా" అంది. గవరమ్మ చీపురు విసిరింది. దండెం మీద వాలి "అమ్మా" అంది. అప్పుడు గవరమ్మ రాయి విసిరింది. చిలక ఎగిరిపోయింది.

ఆ పూట గవరమ్మ అన్నం వండి కూర్చుంది. "అమ్మా, అన్నం" అని ఎవరూ అడగలేదు. ఇల్లంతా బావురుమంది. అప్పుడు తెలిసింది తల్లీ, పిచ్చిదానికి! కూతురు పోయాక తనని అమ్మా అని పిలిచింది ఈ లోకంలో అదొక్కటే. దాన్నీ తన చేతులతోనే తరిమేసింది.

ఆ తర్వాత రోజూ సాయంత్రం చిలకల గుంపులు జామతోట మీద వాలేవి. గవరమ్మ చేతిలో అన్నం ముద్ద పట్టుకుని పరిగెత్తేది. "మగైతేనేం నాన్నా, రా! అన్నం తిందువుగాని, రా!" అని గొంతు చించుకుని అరిచేది. ఆ కేకకి బెదిరి గుంపు గుంపంతా లేచి ఎగిరిపోయేది.

కథ వెళ్ళె కంచికి,
చిలక వెళ్ళె మింటికి,
నిదరా, నువ్వు రావే నా చిట్టితల్లి కంటికి.