గవర్రాజు బిగించిన గేటు

కొత్తగరువులో మేడిచర్లవారి ఇంట్లో పుట్టినవాళ్ళకి తెలివి తల్లిపాలతోనే వస్తుందని ఊరంతా అనుకుంటుందట. ఊరంతా అనుకుంటుందని చెప్పేది మాత్రం మేడిచర్లవారే. మిగతావాళ్ళని అడిగితే నవ్వి ఊరుకుంటారు. ఆ నవ్వుని కూడా పైడమ్మ అసూయ కిందే జమకట్టుకునేది.

పైడమ్మకి ఇద్దరు కొడుకులు. పెద్దవాడు గవర్రాజు, చిన్నవాడు అబ్బులు. "మావాళ్ళకి ఒక్క మాట చెబితే చాలమ్మా! ఆ మాటకి వెంట్రుకవాసి తేడా రానివ్వరు" అని వీధరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళందరికీ చెప్పేది. అది మాత్రం నూటికి నూరుపాళ్ళూ నిజం. తంటా అంతా అక్కడే వచ్చింది.

గవర్రాజుకి ముప్ఫై దాటినా పెళ్ళి కాలేదు. ఒకసారి తిరనాళ్ళలో కాలు జారి చెరకుపిప్పి గుట్టలో తలకిందులుగా పడ్డాడు. పక్కనే జీళ్ళు తింటున్న ఒక పిల్ల కడుపు పట్టుకుని పడీపడీ నవ్వింది. సంతపేట సింహాద్రి కూతురట, పేరు నూకరత్నం. తనని చూసి అంత సంతోషించిన మనిషిని గవర్రాజు పుట్టి బుద్ధెరిగి చూడలేదు. అంతే, చేసుకుంటే ఈ పిల్లనే చేసుకుంటానని అన్నం మానేసి కూర్చున్నాడు.

పైడమ్మ కబురంపింది. సింహాద్రి తిరుగు కబురంపాడు. "చేతిలో పని లేనివాడికి నా పిల్లనివ్వను."

సంతపేటలో కొత్తగా కమ్యూనిటీ కాలేజీ పెట్టారు. వయసు అడగరు, చదువు అడగరు, వచ్చినవాళ్ళకి వెల్డింగూ ఇనుప పనీ నేర్పుతారు. ఇంకేముంది, గవర్రాజు చేరాడు. వాడు మర్చిపోయింది గుర్తుపెట్టుకోవడానికి అబ్బులు చేరాడు. పిల్లల తెలివికి దిష్టి తగలకుండా పక్కన ఒకరుండాలని పైడమ్మ కూడా చేరింది.

పాఠం చెప్పేది భాస్కరం మాస్టారు. మహా ఓపికస్తుడు. వీళ్ళు చేరేదాకా.

మొదటిరోజు ఆయన నల్లద్దం ఉన్న మాస్కు ఎత్తి చూపించాడు. "ఇది పెట్టుకోకుండా వెలుగు వంక చూశారో, కళ్ళు పోతాయి!"

"సూర్యుడిది వెలుగేనాండీ?" అడిగాడు గవర్రాజు.

"వెలుగే."

"బల్బుది?"

"అదీ వెలుగేనయ్యా. కాకపోతే..."

కాకపోతే అన్నమాట పూర్తయ్యేలోపు ముగ్గురూ మాస్కులు తొడిగేసుకున్నారు. ఆ మాస్కులోంచి వెల్డింగు మంట తప్ప ఇంకేమీ కనపడదు. అలాగే బస్సెక్కారు, అలాగే దిగారు, తడుముకుంటూ ఇల్లు చేరారు. అది ఎదురిల్లు. వాళ్ళ గోలెంలో నీళ్ళతో కాళ్ళు కడుక్కున్నారు, వాళ్ళ పప్పుచారుతో అన్నం తిన్నారు. మంచం మీదున్న ముసలాయన కాలు తగిలేసరికి "ఎవరయ్యా నువ్వు, మా ఇంట్లో?" అని దబాయించారు. పాపం, ముసలాయన తన ఇల్లు కాదు కాబోలనుకుని దుప్పటి చంకన పెట్టుకుని వీధిలోకి వెళ్ళి కూర్చున్నాడు.

మర్నాడు మాస్టారు చేతులు జోడించి, వెల్డింగు చేసేటప్పుడూ, కళ్ళు మిరుమిట్లు గొలిపేవి చూసేటప్పుడూ తప్ప మాస్కు అక్కర్లేదని బతిమాలితే తీశారు.

తరవాతి పాఠం అతుకు పరీక్ష. "అతికించిన ప్రతిదాన్నీ సుత్తితో కొట్టి చూడండి. నిలిస్తే మంచి అతుకు, ఊడితే చెడ్డ అతుకు" అన్నాడు మాస్టారు. ఆ సాయంత్రం మేడిచర్లవారి ఇంట్లో పండగే పండగ. మడతమంచం కొట్టారు, ఊడింది. సైకిలు కొట్టారు, ఊడింది. బీరువా కాళ్ళు కొట్టారు, బీరువా పైడమ్మ మీదికి ఒరిగింది.

"అమ్మా, మనింట్లో ఒక్క మంచి అతుకైనా లేదే! ఇన్నాళ్ళూ ఎంత గండంలో బతికాం!" అన్నాడు గవర్రాజు. తప్పిన ప్రమాదం తలుచుకుని ముగ్గురూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు.

గవర్రాజు పని నేర్చుకుంటున్నాడని తెలిసి సింహాద్రి కొంచెం మెత్తబడ్డాడు. సంబంధం తెచ్చినాయన పరుగెత్తుకొచ్చి, "పెళ్ళిచూపులకి రమ్మన్నారు! పిల్లని పట్టుచీరలో చూస్తే కళ్ళు మిరుమిట్లు గొలుపుతాయంతే!" అన్నాడు.

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మాస్టారు చెప్పనే చెప్పాడు. అంతే, ముగ్గురూ మాస్కులు తొడుక్కుని సింహాద్రి ఇంట్లో అడుగుపెట్టారు. తెచ్చిన అరటిపళ్ళు సింహాద్రి ఇంటి మేక చేతికందించారు. మేకకి చేతులుండవు కాబట్టి నోటితోనే అందుకుంది.

నూకరత్నం కాఫీ తెచ్చింది. గవర్రాజు గ్లాసు అందుకుని మర్యాదగా ఎత్తి మాస్కు మీద పోసుకున్నాడు. ఆ పిల్ల ఆపుకోలేక నవ్వేసింది.

"ఏం బాబూ, పిల్ల నచ్చిందా?" అడిగాడు సింహాద్రి.

"కనపడలేదండి. నవ్వు వినపడింది. నచ్చిందండి" అన్నాడు గవర్రాజు.  ఆ మాటకి సింహాద్రికి కూడా గుండె కరిగేదే. కానీ ఈలోగా ఆయన కూర్చున్న ఇనుపకుర్చీ అబ్బులు చేతికి తగిలింది. అతుకులు తడిమాడు. సంచీలోంచి సుత్తి తీశాడు. ఇంకేముంది, ఒక్క దెబ్బకి కుర్చీ ఒకవైపు, సింహాద్రి ఒకవైపు.

"చెడ్డ అతుకండి మావయ్యగారూ. మేం వచ్చాం కాబట్టి బయటపడింది" అన్నాడు అబ్బులు.

సింహాద్రి నడుం పట్టుకుని లేచాడు. పొమ్మంటే పోయేదే. కానీ ఆయన కూతురి మొహం చూశాడు. ఆ పిల్ల ఇంకా నవ్వుతూనే ఉంది. అందుకని వంకర దారి తొక్కాడు. "ఒరే అబ్బాయ్! నా ప్రహరీకి గేటు లేదు. దొంగ కాదు కదా, దొంగపిల్లి కూడా దూరకుండా ఓ గేటు చేసి బిగించు. ఆ గేటు దాటించి నా పిల్లని పెళ్ళికి తీసుకెళ్ళు. ముహూర్తం ఒకటి పెట్టిస్తాను, ఆ ముహూర్తానికి దాటించకపోతే ఈ సంబంధం లేదు. అంతదాకా నా కళ్ళబడకండి!"

ఈ జన్మలో వీళ్ళ వల్ల కాదని ఆయన ధైర్యం. ఒక్కటే చిక్కు, సింహాద్రి అన్నమాట వెనక్కి తీసుకునే మనిషి కాదు. వీళ్ళేమో అన్నమాట అణువంత వదిలే మనుషులు కారు. అందుకే కొలతలకి వచ్చినప్పుడల్లా నూకరత్నం "నాన్నా, కళ్ళు మూసుకో, వాళ్ళొచ్చారు" అనేది. ఆయన పళ్ళు కొరుకుతూ మూసుకునేవాడు.

కాలేజీలో మాస్టారు దగ్గరుండి గేటు చేయించాడు. మూడో పాఠం అప్పుడే చెప్పాడు. "ఇనుముకీ ఇనుముకీ మధ్య ఖాళీ కనపడకూడదు. కనపడితే వెల్డింగు రాడ్డు పెట్టి నింపెయ్యి." గవర్రాజు ఆ మాట నిద్రలో కూడా కలవరించాడు. నిజం చెప్పాలంటే గేటు బాగా వచ్చింది. నిలువు కడ్డీలు, పైన చిలకలు, గట్టి బందులు, నున్నటి గొళ్ళెం. మాస్టారికి కళ్ళు చెమర్చాయి.

ముహూర్తం పదకొండింటికి, కల్యాణమండపంలో. తెల్లవారగానే గవర్రాజు వాళ్ళు వెల్డింగు మిషను అద్దెకు తెచ్చి, ఇనుపస్తంభాలు పాతి, లోపలివైపు నిలబడి గేటు తగిలించారు. బాజావాళ్ళతో సహా పెళ్ళివారంతా లోపలే ఉన్నారు. గవర్రాజు నాలుగడుగులు వెనక్కి వేసి తన గేటుని తనివితీరా చూసుకున్నాడు. చూసి ఉలిక్కిపడ్డాడు.

"ఒరే అబ్బులూ, కడ్డీకీ కడ్డీకీ మధ్య ఖాళీ!"

"ఇనుముకీ ఇనుముకీ మధ్యే కదన్నయ్యా?"

"ఇనుముకీ ఇనుముకీ మధ్యే!"

అంతే, కత్తెరతో రేకు ముక్కలు కత్తిరించి కడ్డీల మధ్యంతా మూసేశారు. గేటుకీ స్తంభానికీ మధ్య సందు కనపడింది. రాడ్డు పెట్టి నింపేశారు. రెండో పక్క, గొళ్ళెం దగ్గర మళ్ళీ సందు. అదీ నింపేశారు. అడుగున పట్టీ వేసి అతికేశారు. సుత్తితో కొట్టి చూశారు. గేటు కదిలితే ఒట్టు!

"మంచి అతుకు!" అని ముగ్గురూ ఎగిరి గంతేశారు.

సరిగ్గా అప్పుడు భాస్కరం మాస్టారు కొత్త పంచె కట్టుకుని వీధివైపు నుంచి వచ్చాడు. "గేటు తియ్యండర్రా! టైమవుతోంది!"

"తియ్యడానికి ఖాళీ ఎక్కడిదండీ? మీరు చెప్పినట్టు మొత్తం నింపేశాం!" అన్నాడు గవర్రాజు, ఛాతీ విరుచుకుని.

 అవతల ఏదో కూలబడిన చప్పుడైంది. అది మాస్టారే. ప్రహరీ మీద చూస్తే గాజుపెంకులు. గేటు కోసే మిషను చూస్తే కాలేజీలో, కాలేజీకి తాళం. లోపల బాజావాళ్ళు గుసగుసలు మొదలెట్టారు. గవర్రాజుకి అప్పుడు తట్టింది. నూకరత్నం లోపలుంది, మండపం బయటుంది, మధ్యలో మంచి అతుకుంది. 

"మాస్టారూ, ఏదైనా దారి చెప్పండి! ముహూర్తం పోతే నాకు రత్నం లేదు!" అని గేటుకి మొహం ఆనించి ఏడ్చాడు.

"ఏడవకురా. గోడ కొట్టండి" అన్నాడు మాస్టారు నీరసంగా.

ఇంకేముంది, మూడు సుత్తులూ లేచాయి. మనిషి పట్టేంత కన్నం పడగానే మాస్టారు "చాలు చాలు!" అని అరిచాడు. సుత్తుల మోతలో ఎవరికి వినపడుతుంది? గోడ కొట్టమన్నాడు, కొట్టారు. వీధి గోడ, పెరటి గోడ, అటూ ఇటూ గోడలు, మొత్తం నేలమట్టం. దుమ్ము తగ్గేసరికి ఖాళీ జాగాలో గేటొక్కటే నిటారుగా నిలబడి ఉంది.

"పోనీలే, నడవండి, నడవండి!" అన్నాడు మాస్టారు.

పైడమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "ఆగండి! అన్నయ్యగారూ, మీరు గేటు దాటించి తీసుకెళ్ళమన్నారా, గేటు పక్కనించి తీసుకెళ్ళమన్నారా?"

సింహాద్రి కళ్ళు తెరిచి తన ఇటుకలకేసి చూశాడు.  "దాటించే అన్నాను" అన్నాడు చివరికి. "అన్నమాట అన్నమాటే."

అంతే, అటక దగ్గర నిచ్చెన తెచ్చి గేటుకి వేశారు. పెళ్ళివారంతా వరసగా నిలబడ్డారు. ఇటు నిచ్చెన ఎక్కడం, అటు కూలిన ఇటుకల గుట్ట మీదికి దిగడం. సన్నాయి ఆయన ఎక్కాడు, డోలు ఆయన డోలుతో సహా ఎక్కాడు. ఇంత తమాషా మళ్ళీ దొరకదని నూకరత్నం కూడా కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని ఎక్కింది. సింహాద్రి నడుం పట్టుకుని ఎక్కాడు. మాస్టారు చెయ్యందిద్దామని పక్కనించి లోపలికి రాబోతే అబ్బులు రెక్క పట్టుకుని ఆపాడు. "తప్పండి మాస్టారూ! గేటు ఇటుంది."

ఆఖర్న గవర్రాజు పైకెక్కి ఆలోచించాడు. నిచ్చెన ఇలాగే ఉంటే దొంగలు ఎక్కి రారూ? కాలితో ఒక్క తన్ను తన్ని నిచ్చెనని లోపలికి పడేసి, తను బయటికి దూకాడు. వాడి తెలివికి పైడమ్మ మెటికలు విరిచింది.

"మంగళసూత్రం ఎవరి దగ్గరుంది?" అడిగాడు సింహాద్రి.

మంగళసూత్రం, పూలదండలు బుట్టలో పెట్టి అరుగు మీదే మర్చిపోయారు. అరుగు లోపలుంది. నిచ్చెనా లోపలే ఉంది. ఇంకేముంది, గేటు ముందు కూలబడి తల్లీకొడుకులు శోకాలు మొదలెట్టారు. "అయ్యో, నా చేతులతో నేనే మూసేసుకున్నానే!" అని గవర్రాజు నెత్తి కొట్టుకున్నాడు. వాడి బాధ చూస్తే రాయి కూడా కరుగుతుంది.

అప్పుడు మేక వచ్చింది. నోట్లో సగం దండతో, గేటు పక్కనించి తీరిగ్గా నడుచుకుంటూ వాళ్ళ ముందుకొచ్చి నిలబడింది. ఏడుపులు ఆగిపోయాయి.

"అన్నయ్యా!" అన్నాడు అబ్బులు గుడ్లు తేలేసి. "గేటు తియ్యకుండా ఇదెలా బయటికొచ్చింది?"

నూకరత్నం కళ్ళు తుడుచుకుంది. నవ్వీ నవ్వీ వచ్చిన నీళ్ళవి. చీర చెంగు దోపుకుని, మేక వచ్చిన దారినే లోపలికి వెళ్ళి, బుట్ట పట్టుకుని వచ్చేసింది.

"ఎలా వెళ్ళావు రత్నం?" అన్నాడు గవర్రాజు. 

"ఏముందండీ, మేక చూపించింది."

పరుగున వెళ్ళి ముహూర్తానికి అందుకున్నారు. మేక తినగా మిగిలిన సగం దండతోనే పెళ్ళి జరిగింది. గవర్రాజు తాళి కట్టాడు గాని మనసు మనసులో లేదు. అన్ని నెలలు కాలేజీకి వెళ్ళీ తమకి చేతకానిది, ఏ కాలేజీకీ వెళ్ళని మేక ఎలా చేసింది?

మర్నాడు పొద్దున్నే నూకరత్నం పుట్టింటి తలుపు తీసేసరికి గవర్రాజు, పైడమ్మ, అబ్బులు ముగ్గురూ మాస్కులు చేత్తో పట్టుకుని మేక ఎదురుగా బాసింపట్టు వేసుక్కూర్చున్నారు. గురుదక్షిణ కింద పచ్చగడ్డి మోపు పెట్టారు. మేక కాసేపు నెమరు వేసింది. ముగ్గురినీ ఎగాదిగా చూసింది. "మే" అంది.

గవర్రాజు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తమ్ముడి భుజం తట్టాడు.

"చూశావురా? భాస్కరం మాస్టారైతే ఇంతసేపూ వాగేవాడు. ఈయన ఎంత క్లుప్తంగా చెప్పేశారో!"